గృహాలంకారము: ఎదురు రంగులు

దసరా దగ్గఱపడగానే, మఱల సంక్రాంతికి ముందును, మా తిరువూరులో ఇంటింట గోడలకు రంగులు వేయించు సన్నాహము కానవచ్చును. పూర్వము సున్నపు తొట్టియు నొక కుంచెయు నున్న చాలెడిది. ఇప్పుడట్లు గాదు. లప్పము పట్టింపవలెను, ప్రైమరు కొట్టింపవలెను, అటుపిమ్మట అంగడివా రిచ్చిన షేడు కార్డు ముందు పెట్టుకొని కూర్చుండవలెను. దానిలో వందలకొలది రంగుల ముక్కలుండును. ఒక్కొక్కదాని కొక పేరు, ఒక అంకె. ఇంటి యజమాని యొకటి చూపును, పిల్లలు మఱియొకటి చూపుదురు, పెయింటరు తన యొద్ద మిగిలియున్న డబ్బాలోని రంగును మెచ్చుకొనును. పగలెల్ల నా గోడల నడుమ మెలగవలసిన ఇల్లాలిని మాత్రము తుట్టతుద నడుగుదురు. కొన్ని యిండ్లలో నసలే యడుగరు. పని ముగిసిన పిదప నామె "కన్నులు నొచ్చుచున్నవి" యనిన, "ఇంత సొమ్ము పోసితిమి గదా, నాలుగైదేండ్ల వఱకు దాని మాట తలపెట్టకు" మని సమాధానము వచ్చును. అందుచేత సోదరీమణులు రంగుల మర్మము కొంత ముందుగనే యెఱిగియుండుట మేలు. అడిగినను అడుగకున్నను కారణము చూపి చెప్పగల మాటకు విలువ యుండును.

ఈ మధ్య ఎదురు రంగుల మోజు హెచ్చినది. ఒక గోడకు ముదురు ఎఱుపు, దాని కెదుటి గోడకు ముదురు ఆకుపచ్చ. లేదా నీలపు గదిలో నారింజ రంగు తెరలు. శాస్త్రమున వీనిని పూరకవర్ణములందురు. ఒకదాని నొకటి పూరించునవి గనుక నింటి కందము తెచ్చునని విని పలువు రిట్లు చేయించుచున్నారు. విన్నమాట నిజమే గాని యది సగము నిజము. మిగిలిన సగము తెలియనిచో నిల్లు తిరునాళ్ళలోని రంగులరాట్నమువలె నగును.

ఏ రంగునకు ఏది ఎదురు? దీని కొఱకు విదేశపు గ్రంథములనే వెదకనక్కఱలేదు. భరతముని నాట్యశాస్త్రమున ఆహార్యాభినయము చెప్పు పట్టున నటుల మైపూతలకు తెలుపు, నీలము, పసుపు, ఎఱుపు అను నాలుగింటిని స్వభావ వర్ణములుగా నెన్ని, తక్కినవి వీని కలయికచే బుట్టునని చెప్పినాడు. నీలమును పసుపును కలిసిన హరితము. నీలమును ఎఱుపును కలిసిన కాషాయము. ఎఱుపును పసుపును కలిసిన గౌరము. (నేడు మనము సన్న్యాసుల కావిరంగును కాషాయ మందుము, అచ్చట నా పేరు వేఱు రంగునకు జెల్లినది.) తెలుపును ప్రక్కన బెట్టి మిగిలిన మూటిలో నొకదానిని తీసికొనుడు. విడిచిన రెండును కలుపగా వచ్చినదే దాని కెదురు రంగు. ఎఱుపును తీసికొన్న నెదురు ఆకుపచ్చ, పసుపునకు ఊదా, నీలమునకు నారింజ. మునియీ జంటలను చెప్పలేదు గాని, ఆయన లెక్కనుండియే యవి తేలుచున్నవి. వెలుగు కిరణములను కలిపి చూచు శాస్త్రజ్ఞుల లెక్క కొంచెము వేఱు. వారు పసుపునకు నీలమును, ఎఱుపునకు నీలము తగిలిన పచ్చను ఎదుట బెట్టుదురు. గోడల పనికి చిత్రకారుల లెక్క చాలును.

పెయింటరుతో మాటలాడునప్పుడు మాత్రమొక జాగ్రత్త యవసరము. మన భాషలో "పచ్చ" యనిన పసుపును గావచ్చును, ఆకురంగును గావచ్చును. పచ్చని చేను, పచ్చని మేను రెండును మనవే. "నీల" మనునదియు నట్టిదే. కావ్యములలో నీలవేణి యనిన నల్లని జడ గలదని యర్థము గాని ఆకాశపు రంగు జడ యని కాదు. కవికి చెల్లిన యీ చనవు రంగుల డబ్బాకు చెల్లదు. ఆకుపచ్చ, పసుపుపచ్చ యని విడమఱచి, కార్డులోని అంకెతో సహా కాగితముపై వ్రాసి యిచ్చుట మంచిది.

ఈ ఎదురుతనము శాస్త్రకారుల కల్పన గాదు. మన కంటిలోనే యున్నది. తెల్లని కాగితముపై రూపాయి బిళ్ళంత మేర కుంకుమ దట్టముగా నలది, వెలుతురులో నుంచి, కన్ను కదలింపక ముప్పది లెక్కపెట్టునంత సేపు చూడుడు. పిదప చూపును తటాలున వట్టి తెల్లగోడపైకి మరలించిన, అచ్చట నీలిపచ్చని చుక్క యొకటి తేలును. కుంకుమను చూచి చూచి ఎఱుపును పట్టు శక్తి కంటిలో నలసిపోయినది; అలయక మిగిలినది తెల్లగోడమీద నెదురు రంగుగా దోచినది. పిల్లలకు చూపిన వింతపడుదురు. నిర్మా పొట్లముపైని బొమ్మతో చేసినను జరుగును గాని, కుంకుమతో చేసిన నిస్సందేహముగా జరుగును.

వైద్యులు దీనిని మంచి పనికి వాడుకొన్నారు. శస్త్రచికిత్స చేయు గదులును వస్త్రములును మొదట తెల్లగా నుండెడివి. రక్తపు ఎఱుపును తదేకముగా చూచిన వైద్యుడు తలయెత్తి తెలుపును చూచిన కన్ను జిగేలుమనును, పచ్చని మచ్చలు కదలును. 1914వ సంవత్సరమున శాన్ ఫ్రాన్సిస్కో నగరమున హ్యారీ షెర్మన్ అను శస్త్రవైద్యుడు తన చికిత్సాగృహమునకు ఆకుపచ్చ రంగు వేయించెను. నేడు మన విజయవాడ ఆసుపత్రులలో గూడ ఆ వేళ ధరించు ఆకుపచ్చ, నీలిపచ్చ దుస్తుల వెనుక నున్న కారణమిదియే.

ఎదురు రంగులు పొరుగున నున్నప్పు డేమగునో విశదముగా తెలిపిన వాడు ఫ్రాన్సు దేశపు రసాయనవేత్త షెవ్రల్. ఆయన 1824లో పారిసులోని గోబెలిన్ నేతశాలకు అద్దకపు పనుల అధికారిగా నియమింపబడెను. అచ్చటి నల్లనూలు బాగుగ నద్దుకొనుటలేదని, నలుపు వెలవెలబోవుచున్నదని ఫిర్యాదు వచ్చినది. పరీక్షింపగా నూలులో లోపము లేదు. లోపము పొరుగున నున్నది. నీలము, ఊదా నూళ్ళ నడుమ నేసిన నలుపు వాని యెదురు రంగుల నీడ తగిలి తుప్పుపట్టినట్లు కనబడెను. ఈ సంగతిని పెంచి యాయన 1839లో పెద్ద గ్రంథము వెలువరించెను. ఏ రెండు రంగులు ప్రక్కప్రక్కన నున్నను కన్ను వాని భేదమును హెచ్చించి చూచుననియు, ఎదురు రంగులైనచో నొకదానిచే మఱియొకటి మిక్కిలి ప్రకాశించుననియు దాని సారము. అలంకారశాస్త్రమున విరోధాభాసమను అలంకార మున్నది గదా. పైకి విరోధమువలె దోచి, లోన పొత్తు గుదురును. రంగులలో నిది యట్టిది. అయితే విరోధాభాసమును పద్యమున నెచ్చటనో యొకచోట మెఱపించినగాని యందగింపదు; ప్రతిపాదమున పెట్టిన చదువరి విసుగుకొనును.

కొలతయందే యున్నది సర్వమును. ఈ కొలత మన చీర నేతగాండ్రకు చిరకాలముగా తెలియును. వంగపండు రంగు చీరకు పసుపు అంచు, ఆకుపచ్చ చీరకు మిరపపండు అంచు, నెమలికంఠపు చీరకు రాగి వన్నె అంచు. మూడును పూరకవర్ణముల జంటలే! కాని ఒడలు రాజ్యము చేయును, అంచు కొలువు చేయును. గద్వాల చీరలో నీ మర్యాద మఱింత స్పష్టము: ఒడలు నూలు, అంచును చెఱగును పట్టు, రెంటిని వేఱు వేఱు పోగులతో నేసి మగ్గముమీదనే కలుపుదురు. మెత్తని నూలుపై మెఱయు పట్టు సన్నగా నుండుటచేతనే దాని కా నిండుదనము. సగము సగము రంగుల చీరలు ఫ్యాషనుగా వచ్చిపోవుచుండును గాని, పెండ్లిపెట్టెలో దాచుకొనునది అంచు చీరయే.

గోడలకును ఈ లెక్కయే చెప్పుదును. అణాలు పోయి చాలకాలమైనను పదాఱణాల లెక్క మన నోట నింకను పోలేదు. గదిలో పండ్రెండణాలు ఒక మెత్తని లేతరంగు. మూడణాలు తెలుపో, చందనపు వన్నెయో, కఱ్ఱ సహజపు రంగో. మిగిలిన ఒక్క అణా యెదురు రంగు. ఆ ఒక్క అణాను గోడకు వేయించకుడు. దిండు గలీబులకో, తెర అంచునకో, గూటి లోపలి భాగమునకో, పూలకుండకో యిండు. విసుగు పుట్టిన మార్చుకొనవచ్చును; గోడ నట్లు మార్చలేము. ముదురైన ఎఱుపును అంతే ముదురైన ఆకుపచ్చను సమభాగములుగా నొకచోట బెట్టిన, రెంటి సందున గీత కదలుచున్నట్లు కన్ను భ్రమపడును. అట్టి గదిలో పిల్లవాడు చదువుకొనలేకున్న తప్పు వానిది గాదు.

ఈ పొత్తు చూడవలెనన్న మా తిరువూరు వీధులలోనే చూడవచ్చును. మిగిలియున్న పాత పెంకుటిండ్లను గమనింపుడు. పైన కాలిన మట్టి పెంకులు, నారింజకు దగ్గఱ ఎఱుపు. క్రింద నీలిమందు కలిపిన సున్నపు గోడ, లేత ఆకాశవర్ణము. అవి నీలము, నారింజల జంట; కాని నీలము నీరువలె పలుచన, పెంకు ఎండకు వానకు మాసి మెత్తబడినది, గనుక కలహము లేదు. గోడ యడుగున జానెడు మేర జేగురు పట్టె, దానిపై తెల్లని ముగ్గు. ఆకుపచ్చ తలుపు, పసుపు గడప, గడపపై కుంకుమ బొట్లు. తలుపు పచ్చదనము గజములలో నున్న, బొట్టు ఎఱుపు వ్రేలి కొనంత! ఇంతకన్న చక్కని కొలత నే నే షేడు కార్డులోను చూడలేదు. ఇక్కడినుండి నూజివీడు దాక మామిడితోటలు గలవు. ఆ చెట్లు చిగురించు నాళ్ళలో ముదురాకుల నడుమ ఎఱ్ఱరాగి చిగురు కొనకొనల మాత్రమే యుండును. చెట్టంతయు చిగురే యైన కోయిలకు తప్ప మన కన్నులకు సుఖముండదు.

ఎదురు రంగులు ప్రక్కప్రక్కన నుండిన నొకదానిని మఱియొకటి పెంచును. డబ్బాలో కలిసిన నొకదానిని మఱియొకటి చంపును. ఇది తెలిసిన సొమ్ము మిగులును. తెచ్చిన ఆకుపచ్చ మరీ చిలుకవలె నున్నచో డబ్బా తిరిగి యియ్యనక్కఱలేదు, తెలుపు పోసి పోసి పెంచనక్కఱలేదు. అదే జాతి రంగులో ఎఱుపును చుక్కచుక్కగా కలిపించిన పొగరణగి తమలపాకు వన్నెకు దిగును. హెచ్చు పోసిన బురదయగును గనుక ముందుగా గిన్నెలో చూడవలెను. తెల్లబట్టలకు నీలిమందు పెట్టుట యీ సూత్రమే. ఉతికి ఉతికి బట్ట పసుపెక్కును. ఆ పసుపును కొంచెపు నీలము గాని ఊదా గాని అణచివేసిన బట్ట తెల్లగా దోచును. వెల్లసున్నమున నీలిమందు కలిపినదియు నిందుకే. ఆకాశవర్ణము కావలెనన్న మఱికొంత కలుపుదురు.

సున్నముతో పని గలవారి కొక మాట. సున్నమునకు క్షారగుణ మున్నది. అన్ని రంగులు దానిని తాళలేవు. జేగురు, పసుపుమన్ను మొదలగు మట్టిరంగులు నిలుచును, బట్టల నీలిమందుగా వాడు అల్ట్రామెరైన్ నిలుచును. ప్రష్యన్ నీలము చెడిపోవును. పసుపుకొమ్ముల పొడి కలిపినచో నేమగునో హారతి పళ్ళెమునెఱిగిన మనకు చెప్పనక్కఱలేదు: గోడ ఎఱ్ఱబడును, పిదప ఎండకు వెలిసిపోవును.

గదుల మాటకు వచ్చిన, వంటయింట మన కొక సౌకర్య మున్నది: పాత్రలే రంగులు. ఇత్తడి పసుపు, రాగి నారింజ. అవి పేర్చు అలమర వెనుక బూడిద కలిసిన లేత నీలమో, లేత ఊదావన్నెయో యున్నచో తోమిన బిందెలు తాముగా దీపములవలె వెలుగును. స్టీలు పాత్రలకు తన రంగు లేదు. చుట్టునున్న రంగును చూపును. పడకగదికి ఎదురు రంగుల అవసరమే లేదని నా యభిప్రాయము. పిల్లలు చదువుకొను బల్ల కెదుట గోడ నెమ్మదిగా నుండవలెను. ఒక్క అణా రంగును వారి వెనుకనున్న గోడవైపు పెట్టుకొనవచ్చును.

వృద్ధులున్న యింట మఱింత ఆలోచింపవలెను. వయసుతో కంటిలోని కటకము పసుపెక్కును. దానిచే నీలము, ఊదా, ఆకుపచ్చలకు భేదము తెలియుట కష్టమగును. నేలకు, మెట్టునకు, గోడకు నొకే రాయి పఱపించిన కొత్తయిండ్లలో మెట్టెచ్చట ముగిసినదో వారికి కానరాదు. ఇచ్చట ఎదురు రంగు చాలదు. చీకటి వెలుగుల భేదము కావలయును. ముదురు మెట్టైన దాని అంచున రెండువ్రేళ్ళ వెడల్పున తెల్లని పట్టెయో, పసుపు పట్టెయో వేయింపుడు. నల్లబడిన కఱ్ఱ గడపకు పసుపు రాచిన మన పెద్దలు పూజకే రాచినను, మసక వెలుతురున కాలు తట్టుకొనకుండ నది కాపాడినది. ఒక తుంటియెముక విఱిగినచో ఆ ఖర్చులో ఇల్లంతటికి నెన్నిమారులు రంగులు వేయింపవచ్చునో లెక్కింపుడు. ఇంకొకటి: పురుషులలో నూటికి కొందఱికి పుట్టుకతో ఎఱుపు, ఆకుపచ్చల భేదము తెలియదు; స్త్రీలలో నిది బహు తక్కువ. అణువాదము చెప్పిన జాన్ డాల్టన్ తన కన్నుల కీ లోపమున్నదని 1794లో తానే సభలో వివరించెను. ఇంటిలో పిల్లవాడు పండుమిరపకాయను పచ్చిమిరపకాయను పోల్చుకొనలేకున్న గద్దింపక కంటివైద్యునికి చూపుడు. వాని గుఱుతులకు నీలము, పసుపు వాడుడు.

బొమ్మల కొలువు పెట్టు వారికి కొండపల్లి బొమ్మలు పరిచితములే. 2022లో జిల్లాలు విడిపోయిన నాటినుండి తిరువూరును కొండపల్లియు నొకే ఎన్.టి.ఆర్. జిల్లాలో నున్నవి. తెల్లపొణికి కఱ్ఱను చెక్కి, చింతగింజల జిగురును ఱంపపు పొట్టును కలిపిన ముద్దతో అవయవములతికి, సున్నపు పూత పూసి, దానిపై రంగులు దిద్దుదురు. ఆ దశావతారములలో, అంబారీ ఏనుగులో, తాడిచెట్టెక్కు గీతకారునిలో ఎఱుపు, ఆకుపచ్చ, పసుపు, నీలము నిండుగా నుండును. అంత మాటలాడు బొమ్మల వెనుక గోడ మౌనముగా నుండవలెను. కొలువు మెట్లకు పూల దుప్పట్లు పఱచుట వలన బొమ్మలు మునిగిపోవును. తెల్లని పంచెయో, ఒకే వన్నె గల ముదురు బట్టయో మేలు. పెడన కలంకారీ తెరలు వేయు గదికిని ఇంతే; ఆ ఎఱుపు, ఆ నల్లనీలము, ఆ మీగడవన్నె తమలో తాము సరిపెట్టుకొని వచ్చినవి, గోడనుండి క్రొత్త వాదు కోరవు.

కొందఱు నీలపు గోడ చల్లనిదని, పసుపు గోడ వేడిదని నమ్మి పడమటి గోడకు వెలుపల ముదురు నీలము వేయింతురు. మనసునకు చల్లగా దోచును గాని ఎండకు దోచదు. ముదురు రంగేదైనను వేడిని పట్టుకొనును, లేత రంగేదైనను త్రోసివేయును. మా వైశాఖపు టెండలకు వెలుపలి గోడ తెల్లగానో, మిక్కిలి లేతగానో యుండుటయే యుక్తము. ఎదురు రంగుల ముచ్చట లోపల తీర్చుకొనవచ్చును.

కార్డులోని ముక్క చూచి నిశ్చయింపరాదు. అంగుళపు ముక్కలో లేతగా నున్నది గోడనిండ ముదురై కూర్చుండును. చిన్న డబ్బా తెప్పించి, మూరెడు చదరమున రెండు గోడలపై రెండు పూతలు వేయించి, ఆరిన పిదప ఉదయము, మధ్యాహ్నము, దీపములు పెట్టిన తరువాత చూడుడు. పచ్చని వెలుతురు దీపము క్రింద నీలము మాసిపోవును, నారింజ పొంగును, తెల్లని ఎల్.ఇ.డి. దీపము క్రింద దానికి విపర్యయము. తెర బట్టను, దిండు గలీబును ఆ చదరము ప్రక్కనే పట్టి చూడుడు. మూడు దినములు వంటకు, నీళ్ళకు తిరుగుచు దానిని చూచుచుండినను విసుగు పుట్టనిచో నా అంకెను వ్రాసి యిచ్చి పని మొదలుపెట్టింపవచ్చును. పని ముగిసిన పిదప మిగిలిన రంగును పెయింటరు కీయక, మూత బిగించి, మూతపై గది పేరు, అంకె, సంవత్సరము వ్రాసి అటుకపై దాచుడు. పిల్లల చేతిగుఱుతులను కప్పుటకు పనికివచ్చును.